రెండు చక్రాల ట్రక్కా? నాలుగు చక్రాల ట్రక్కా?
బరువు ఎక్కడ పడుతుందో రైతు చూసుకోవాలి, ప్రాణం ఎక్కడ పోతుందో కూలీ చూసుకోవాలి

మైలవరం మెట్టలో ట్రాక్టరు కొన్న రైతుకి ఆ సంబరం తీరకముందే రెండో ప్రశ్న ఎదురవుతుంది. వెనక తగిలించడానికి ఏ ట్రక్కు కొనాలి? రెండు చక్రాలదా, నాలుగు చక్రాలదా? పక్క రైతు ఏది కొన్నాడో చూసి కొనేవాళ్ళున్నారు. షెడ్డువాడు ఏది తయారుగా వుందంటే అది తోలుకొచ్చేవాళ్ళున్నారు. అప్పు ఎంత పుడితే అంతకు సరిపెట్టుకునేవాళ్ళే ఎక్కువ. ఇది రైతు సొంత యవ్వారం, మనకెందుకులే అని కూలీలు అనుకుంటారు. అది పొరపాటు. ఆ ట్రక్కులో ధాన్యం బస్తాలు, మామిడికాయలు, పత్తి బోరేలు ఎంత ఎక్కుతాయో కూలీలూ అంత ఎక్కుతున్నారు. సరుకు పడిపోతే ఏరుకోవచ్చు. మనిషి పడిపోతే ఏరుకునేది ఏముంది?

అందుకని ఈ వ్యాసంలో రెండు సంగతులు చూద్దాం. ఒకటి, ఏ పనికి ఏ ట్రక్కు మేలు. రెండు, ఆ ట్రక్కు ఎక్కిన కూలీకి చట్టం ఏమిస్తోంది, ఏమివ్వడం లేదు.

ఎడ్లబండి నేర్పిన పాఠం

ఎడ్లబండి తోలిన పెద్దవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బండికి రెండే చక్రాలు. బరువు ముందుకు మొగ్గితే కాడి ఎడ్ల మెడలు విరిచేస్తుంది. వెనక్కి మొగ్గితే నొగలు పైకి లేచి ఎడ్ల గొంతుకు పలుపు బిగుసుకుంటుంది. అందుకే బస్తాలు వేసేటప్పుడు ఇరుసుకి కాస్త ముందుకు వుండేట్టు సర్దేవారు. మెడ మీద బరువు పడాలి, కాని మెడ విరక్కూడదు. లెక్కంతా అదే.

రెండు చక్రాల ట్రక్కు అచ్చం ఎడ్లబండే. ఎడ్ల మెడ వున్నచోట ట్రాక్టరు కొక్కెం వుంటుంది. బరువులో కొంత తన చక్రాల మీద, కొంత ట్రాక్టరు మీద వేస్తుంది. నాలుగు చక్రాల ట్రక్కు అలా కాదు. దాని బరువు అది మోసుకుంటుంది. ముందు ఇరుసు ఒక పళ్ళెం మీద అటూ ఇటూ తిరుగుతుంది. ట్రాక్టరు లాగడమే తప్ప మొయ్యదు.

అమెరికాలో రైతులకి కూడా సరిగ్గా ఈ ప్రశ్నే వుంది, వేరే రూపంలో. అక్కడ ట్రాక్టరును ఒక పొలం నుంచి ఇంకో పొలానికి తరలించాలంటే దాన్ని ట్రైలరు మీదికి ఎక్కించి పికప్ వ్యానుతో లాగుతారు. ఆ ట్రైలరు రెండు రకాలు. వ్యాను వెనక బంపరు దగ్గర తగిలించేది ఒకటి. బాతు మెడలా వంగి, వ్యాను తొట్టిలోకి వచ్చి, వెనక ఇరుసు నడినెత్తిన కూర్చునేది రెండోది. దాన్ని వాళ్ళు గూస్‌నెక్ అంటారు. బంపరు రకంలో ట్రైలరు మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్ళు వ్యాను మీద పడాలంటారు. గూస్‌నెక్ రకంలో 20 నుంచి 25 పాళ్ళ దాకా వేస్తారు. అంత బరువు వేసినా వ్యాను తొణకదు. కారణం, ఆ బరువు ఇరుసు వెనక వేలాడటం లేదు, ఇరుసు మీద కూర్చుంటోంది.

మన ట్రాక్టరుకు ఆ వెసులుబాటు లేదు. వెనక ఇరుసు మీద డ్రైవరు సీటు, హైడ్రాలిక్కు వుంటాయి. కొక్కెం ఇరుసుకి వెనకాల, కింద వుంటుంది. కాబట్టి అక్కడ పడే ప్రతి కిలో బరువూ తక్కెడలా ముందు టైర్లను పైకి లేపుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం

75 కిలోల బస్తాలు 40 వేశామనుకోండి. 3 టన్నులు. అందులో 500 కిలోలు కొక్కెం మీద పడ్డాయనుకుందాం. కొక్కెం వెనక ఇరుసుకి 70 సెంటీమీటర్ల వెనక వుంది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 2 మీటర్లు. అప్పుడు ముందు టైర్ల మీద నుంచి 175 కిలోల బరువు లేచిపోతుంది. అది వెనక ఇరుసు మీదికి చేరుతుంది. అంటే వెనక టైర్ల మీద 500 కాదు, 675 కిలోలు అదనంగా పడతాయి.

ఇందులో మంచీ వుంది, చెడూ వుంది. మంచి ఏమిటంటే వెనక టైర్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి. బురదలో, డొంకలో, చేలోంచి గట్టు ఎక్కేటప్పుడు చక్రం వూరికే తిరగదు. రెండు చక్రాల ట్రక్కు బురదలోంచి బాగా వస్తుందని రైతులు చెప్పే మాట నిజమే. దానికి కారణం ఇదే. చెడు ఏమిటంటే ముందు టైర్లు తేలికవుతాయి. స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్చు తటాలున వదిలితే ట్రాక్టరు గుర్రంలా ముందుకాళ్ళెత్తి లేస్తుంది. లేచిన ట్రాక్టరు వెనక్కి పడటానికి రెప్పపాటు చాలు. డ్రైవరు దూకే లోపలే అయిపోతుంది.

బస్తాలన్నీ ట్రక్కు వెనక భాగంలో వేస్తే ఇంకో ప్రమాదం. కొక్కెం పైకి లాగుతుంది. వెనక టైర్లు పట్టు వదులుతాయి. పల్లంలో దిగేటప్పుడు ట్రక్కు పాము తోకలా అటూ ఇటూ కొడుతుంది. కాబట్టి పాత బండి సూత్రమే ఇక్కడా: బరువు ఇరుసుకి కాస్త ముందుకు, అంతకు మించి వద్దు.

నాలుగు చక్రాల ట్రక్కు సంగతి

నాలుగు చక్రాల దాంట్లో ముందు టైర్లు లేచే భయం తక్కువ. 5 టన్నులు వేసినా బరువు నాలుగు చోట్ల పంచుకుంటుంది. విప్పి పక్కన నిలబెట్టినా దాని కాళ్ళ మీద అది నిలబడుతుంది. రెండు చక్రాల దానికైతే ముందు జాకీ కాలు వుండాలి. అది లేకుండా నిండు ట్రక్కుని విప్పబోతే నొగ వచ్చి కాలు మీద పడుతుంది.

మరి లోపాలు? మొదటిది, ఇది ట్రాక్టరు వెనక టైర్లకి ఏ సాయమూ చెయ్యదు. బరువు ఎక్కువ, పట్టు తక్కువ. దమ్ము చేలో, వాన పడిన నల్లరేగడి డొంకలో దిగబడిందంటే మరో ట్రాక్టరు రావాలి. రెండోది, వెనక్కి నడపటం కష్టం. కొక్కెం దగ్గర ఒక కీలు, ముందు ఇరుసు దగ్గర ఇంకో కీలు. చేయి తిరిగిన డ్రైవరు కూడా తడబడతాడు. మూడోది, మలుపు బాగా కోసేస్తే ముందు ఇరుసు అడ్డం తిరిగి ట్రక్కుకి ముందు ఆసరా సన్నబడుతుంది. పత్తి బోరేలు, వరిగడ్డి లాంటి ఎత్తు లోడు వుంటే పక్కకి ఒరిగిపోతుంది.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది. బ్రేకు. ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. ట్రక్కూ సరుకూ కలిపి 6 టన్నులు. మొత్తం 8. ట్రక్కుకి సొంత బ్రేకు లేకపోతే 8 టన్నుల్ని 2 టన్నుల బండి ఆపాలి. ఒంటి ట్రాక్టరు ఆగే దూరానికి సుమారు నాలుగింతల దూరం పోతే గాని ఆగదు. వేగం రెట్టింపు చేస్తే ఆ దూరం మళ్ళీ నాలుగింతలు. పల్లంలో అయితే ట్రక్కే ట్రాక్టరుని తోస్తుంది, అడ్డం తిప్పుతుంది. డీజిలు మిగులుతుందని పల్లంలో న్యూట్రల్ చేసే డ్రైవరు తన ప్రాణంతో పాటు వెనకున్నవాళ్ళ ప్రాణాలు కూడా పందెం కాస్తున్నాడు.

మెట్టకేది, డెల్టాకేది?

మన ప్రాంతంలో రెండు రకాల నేలలున్నాయి. మైలవరం, రెడ్డిగూడెం, ఎ.కొండూరు వైపు మెట్ట. కొండలు, ఎత్తుపల్లాలు. బుడమేరు పుట్టింది ఈ మైలవరం కొండల్లోనే. మామిడి, పత్తి ఎక్కువ. ఇటు ప్రకాశం బ్యారేజీ కింద డెల్టా. సమతలం, కాలవ గట్లు, నల్లమన్ను, వరి, చెరుకు.

చేలోంచి కళ్ళానికి, కళ్ళం నుంచి వూళ్ళోకి, తోటలోంచి రోడ్డు మీదికి తోలే రైతుకి రెండు చక్రాల ట్రక్కు సరిపోతుంది. ఎరువు తోలకం, మట్టి తోలకం దీంతోనే వీలు. తొట్టి ఎత్తి వొంపేయొచ్చు. గట్టు మీద మలుపులకి, వెనక్కి పెట్టడానికి ఇదే మేలు. అయిదారెకరాల రైతుకి ఇంతకు మించి అక్కర్లేదు.

దూరం తోలకానికి నాలుగు చక్రాలది. మామిడి నున్న మార్కెట్టుకి, చెరుకు వుయ్యూరు ఫ్యాక్టరీకి, ధాన్యం మిల్లుకి తారు రోడ్డు మీద తోలేవాళ్ళకి అది పనికొస్తుంది. అయితే దానికి సొంత బ్రేకు తప్పనిసరిగా వుండాలి. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం, జగదల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య నడిచే బండి ఇది. చిన్న ట్రాక్టరుకి పెద్ద ట్రక్కు తగిలించడం పిల్ల దూడకి పెద్ద బండి కట్టినట్టే. ఇంజను లాగుతుంది కదా అంటారు. లాగడం గొప్ప కాదు, ఆపడం గొప్ప.

ఏ రకమైనా తప్పని జాగ్రత్తలు ఇవి:

ట్రక్కుని ఎప్పుడూ కింది కొక్కేనికే తగిలించాలి. దిగబడింది కదా అని గొలుసు తీసుకెళ్ళి పైన టాప్‌లింకుకో, ఇరుసుకో కడితే ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. కప్లింగు పిన్ను అరిగిందేమో వారం వారం చూడాలి. పిన్నుకి కింద చీల వుండాలి. మేకు వంచి పెట్టడం చీల కాదు. పిన్ను జారినా ట్రక్కు విడిపోకుండా అడ్డంగా ఒక గొలుసు వుండాలి. రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడళ్ళనూ కలిపి కొక్కెం వెయ్యాలి. దుక్కిలో విడివిడిగా వాడిన పెడళ్ళతో రోడ్డు మీద ఒక్కటే తొక్కితే బండి అడ్డం తిరుగుతుంది. వెనక ఎర్ర దీపం, ఎర్ర రిఫ్లెక్టర్లు వుండాలి. చీకట్లో రోడ్డు పక్కన ఆగిన ట్రక్కు వెనక మోటారు సైకిలువాడికి కనబడదు.

ట్రక్కులో మనుషులు

ఇక రెండో సంగతికి వద్దాం. నాట్లకి, కోతలకి, మిరపకాయ ఏరడానికి కూలీలు వూరు దాటి పోవాలి. బస్సు ఆ వేళకు లేదు. ఆటోలో ఇరుక్కోవాలి, లేదా రైతు పంపిన ట్రాక్టరు ఎక్కాలి. తెల్లారకముందే ఎక్కి, చీకటిపడ్డాక దిగుతారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. దాని ఫలితం ఏమిటో లెక్కలు చెబుతున్నాయి.

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పడమటి తండా కూలీల ట్రాక్టరు ఎ.ఎం.ఆర్. ప్రాజెక్టు కాలవలో పడింది. మిరపకాయలు కొయ్యడానికి పోతున్న 9 మంది ఆడకూలీలు చనిపోయారు. అదే సంవత్సరం జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో మూసీ కాలవలో మరో ట్రాక్టరు పడి 15 మంది పోయారు. దాదాపు అందరూ ఆడకూలీలే. 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కోతల నుంచి ఇంటికొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొట్టింది. తీగలు మీద పడి ప్రాణాలు పోయాయి. అదే ఏడు జూన్ 17న మన జగ్గయ్యపేట మండలం వేదాద్రి దగ్గర గుడికి వెళ్ళి వస్తున్నవాళ్ళ ట్రాక్టరుకీ లారీకీ ఢీ జరిగి 12 మంది మరణించారు.

ప్రతిసారీ డ్రైవరు మీద కేసు పెడతారు. నాయకులు వచ్చి పరామర్శిస్తారు. పరిహారం ప్రకటిస్తారు. మళ్ళీ మర్నాడు తెల్లారుజామున ఇంకో వూళ్ళో ఇంకో ట్రక్కు నిండుతుంది. కూలీకి బుద్ధి లేక ట్రక్కు ఎక్కడం లేదు. వేరే దారి లేక ఎక్కుతోంది.

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం ఈ బళ్ళకి వేరువేరు పేర్లు పెట్టింది. లాగించుకునే బండి ట్రైలరు. తన బరువులో కొంత ముందు బండి మీద ఆనించే బండి సెమీ ట్రైలరు. హైవే మీద కంటెయినరు లారీలు రెండో రకం. మన పొలం ట్రక్కుని ట్రైలరుగానే రాస్తారు. ఈ చట్టం ప్రకారం మోటారు వాహనం అంటే ట్రైలరు కూడా. కాబట్టి ట్రాక్టరుకి నంబరు వుంటే చాలదు, ట్రక్కుకీ వేరే రిజిస్ట్రేషను వుండాలి. బీమా కాగితంలో ట్రక్కు కూడా వుండాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. ట్రాక్టరుకి అప్పిచ్చిన బ్యాంకు బీమా కట్టిస్తుంది. ట్రక్కు షెడ్డులో చేయించింది కాబట్టి దానికి కాగితమే వుండదు.

కాగితం వున్నా కూలీకి అందుతుందా? బీమా కంపెనీల వాదన ఒక్కటే: ట్రాక్టరుకి వున్నది ఒక్క డ్రైవరు సీటు, అది వ్యవసాయానికి ఇచ్చిన బీమా, మనుషుల్ని ఎక్కించడానికి కాదు. సరుకు బండిలో వూరికే ఎక్కిన ప్రయాణికుడికి బీమా వర్తిస్తుందని 2000లో సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పుని 2002 డిసెంబరులో పెద్ద బెంచి కొట్టేసింది. 2004లో కూరగాయలతో ట్రాక్టరు ట్రక్కులో పోతూ చనిపోయిన వ్యాపారి కేసులో కూడా కంపెనీ బాధ్యత లేదని తీర్పు వచ్చింది. 2007లో ఇటుకబట్టీకి మట్టి తోలే ట్రాలీ కింద పడి గాయపడిన కూలీ కేసులో కంపెనీకి బాధ్యత లేదంటూనే, కూలీ పేదరికం చూసి, తన ప్రత్యేక అధికారం వాడి, ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని సుప్రీంకోర్టు ఆదేశించింది. అది దయతో ఇచ్చింది, హక్కుగా వచ్చింది కాదు.

దీని అర్థం ఏమిటి? ట్రక్కు బోల్తా పడితే కూలీ కుటుంబం పరిహారం కోసం యజమాని మీద పడాలి. ఆ యజమాని మూడెకరాల రైతయితే అతనూ మునుగుతాడు, కూలీకీ దక్కదు. కంపెనీ మటుకు ప్రీమియం జేబులో వేసుకుని బయట నిలబడుతుంది. పేదవాడూ పేదవాడూ కోర్టులో కొట్టుకుంటుంటే చూసేవాడు వేరొకడన్నమాట.

దీనికి కొంత విరుగుడు వుంది. అదనపు ప్రీమియం కట్టి, సరుకు ఎక్కించి దించే పనివాళ్ళకి యజమాని బాధ్యతని బీమాలో చేర్పించుకోవచ్చు. అడిగితేనే చేరుస్తారు. అడగందే ఏ ఏజెంటూ చెప్పడు. అలాగే 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం జాబితాలో ట్రాక్టరుతో చేసే వ్యవసాయపు పని కూడా వుండేది. ఆ చట్టాన్ని 2020 నాటి సామాజిక భద్రతా కోడులో కలిపేశారు. పేరు మారింది కాని, పనిలో దెబ్బ తగిలితే యజమాని బాధ్యత అనే సూత్రం పోలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి: ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో ట్రిబ్యునల్లో దరఖాస్తు వెయ్యాలని 2019 సవరణ గడువు పెట్టింది. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ గడువు మీద వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. వివాదం ఎలావున్నా మనం మాత్రం ఆరు నెలల్లోపే వెయ్యాలి. దినకర్మలు, ఏడుపులు, పెద్దమనుషుల రాజీలు అంటూ నెలలు జారనివ్వొద్దు.

అప్పు, సబ్సిడీ, సంఘం

ట్రాక్టరు మీద జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ధర తగ్గింది కదా అని అయిదెకరాల రైతు ఎగబడి కొంటే కిస్తీ మాత్రం ప్రతి పంటకీ వస్తుంది. సొంత పొలంలో ఏడాదికి నెలరోజుల పని లేని ట్రాక్టరు కిరాయికి తిరగాలి. కిరాయి కోసం పోటీ. పోటీకి రేటు తగ్గింపు. తగ్గిన రేటుకి లోడు పెంపు. పెరిగిన లోడు మీద మళ్ళీ కూలీలు. ప్రమాదం పుట్టేది ఈ గొలుసులోనే.

2022 జూన్ 7న గుంటూరులో యంత్ర సేవా పథకం కింద రాష్ట్ర ప్రభుత్వం రైతు గ్రూపులకి ట్రాక్టర్లు ఇచ్చింది. 40 శాతం సబ్సిడీ, 50 శాతం అప్పు, 10 శాతం గ్రూపు వాటా అన్నారు. ఆ 10 శాతం ముందు పెట్టగలిగినవాడే గ్రూపు పెద్ద అవుతాడన్నది వూళ్ళలో అందరికీ తెలిసిన మర్మమే. కౌలు రైతులు, కూలీల సంఘాలు సొంతంగా గ్రూపులు కట్టి, సహకార సంఘాల ద్వారా ట్రాక్టరూ ట్రక్కూ తీసుకునే ఏర్పాటు కావాలి. వూరికి నలుగురి సొంత ట్రక్కుల కన్నా అందరిదీ అయిన బ్రేకున్న ట్రక్కు ఒకటి మేలు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ మీద పడినప్పుడు మునిగిన వీధుల్లోకి అన్నం పొట్లాలూ నీళ్ళూ మోసింది, జనాన్ని బయటికి తెచ్చింది ట్రాక్టర్లు కూడాను. ప్రజలకి అవసరమైన బండిని ప్రజలకి భద్రంగా వుండేట్టు చెయ్యడం ప్రభుత్వం పని కాదా?

సంఘాలు చెయ్యవలసింది

సీజను మొదలయ్యేముందే ప్రతి వూళ్ళో రైతుసంఘం, వ్యవసాయ కార్మిక సంఘం కలిసి కూర్చోవాలి. కూలిరేటు మాట్లాడుకునే రోజునే రవాణా సంగతీ మాట్లాడుకోవాలి. బండి ఖర్చు కూలిలోంచి కొయ్యకూడదు. సరుకు మీద మనుషులు ఎక్కకూడదు, మనుషులున్న ట్రక్కులో సరుకు వెయ్యకూడదు. తొట్టి అంచు మీద, మడ్‌గార్డు మీద ఎవర్నీ కూర్చోనివ్వకూడదు. తాగినవాడు, లైసెన్సు లేని కుర్రాడు స్టీరింగు పడితే ఎక్కబోమని ముఠా మేస్త్రి గట్టిగా చెప్పాలి. ఒక్కరు చెబితే పని పోతుంది, ముఠా మొత్తం చెబితే డ్రైవరు మారతాడు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి: నాట్లు, కోతల రోజుల్లో తెల్లవారుజామున, సాయంత్రం కూలీల బస్సులు నడపాలి. ట్రక్కులకి బ్రేకు, గొలుసు, దీపాలు పెట్టించుకోడానికి సబ్సిడీ ఇవ్వాలి. కాలవ గట్ల రోడ్ల మీద మలుపుల్లో అడ్డుగోడలు కట్టాలి. ట్రాక్టరు బీమాలోనే వ్యవసాయ కూలీల బాధ్యతని తప్పనిసరి చేసేలా చట్టం సవరించాలి. చివరిది ఢిల్లీలో జరగాల్సిన పని. అయినా అడగడం మైలవరంలో మొదలుపెట్టొచ్చు.

రెండు చక్రాలదా, నాలుగు చక్రాలదా అన్నది నేలని బట్టి, సరుకుని బట్టి, దూరాన్ని బట్టి రైతు తేల్చుకుంటాడు. బ్రేకు వుందా, కాగితం వుందా, చీల వుందా అని అడగడం మాత్రం ఎక్కేముందు ప్రతి కూలీ చెయ్యాల్సిన పని.